ఇంటి చేరువ ఉద్యానవనము

సాయంకాలమున ఇంటిపని ముగించుకొని బిడ్డలను ఆటకు తీసికొనిపోవలెనని తల్లి తలచునప్పుడు, పార్కు రెండు వీధుల కవతలనే యున్నచో ఆ తలపు వెంటనే నెరవేరును. రెండు బస్సులు మారవలసివచ్చినచో అది ఆదివారమునకు వాయిదా పడును. పెక్కు ఆదివారములు అట్లే గడచిపోవును. కావున పట్టణమున ఎన్ని పార్కులు కలవని మాత్రమే గాక, అవి మన ఇంటికి ఎంత దూరమున నున్నవని కూడ విచారింపవలెను.

వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శరీరశ్రమ చేయవలెననియు, 5 మొదలు 17 సంవత్సరముల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల శ్రమ అవసరమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఈ లెక్క చూచి బెదరనక్కరలేదు. పార్కు పది నిమిషముల నడకలో నున్నచో, పోవుటకు పది, తిరిగి వచ్చుటకు పది, లోపల నడచుటకు పది, మొత్తము 30 నిమిషములగును. వారమునకు ఐదు దినములు ఇట్లు చురుకుగా నడచినచో 150 నిమిషములు పూర్తియగును. క్రమముగా నడచువారికి రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బులు కలుగు అవకాశము తగ్గును, మనస్సు తేలికపడును. ఇదివరకే గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యుని సలహా పొంది నడక ప్రారంభింపవలెను.

పార్కు పెద్దదిగానే యుండవలెనను నియమము లేదు. ప్రతి ఇంటికి సుమారు 300 మీటర్ల లోపల, అనగా ఐదు నిమిషముల నడకలో, కనీసము అర హెక్టారు మొదలు ఒక హెక్టారు వరకు గల పచ్చని తావు ఉండుట మంచిదని ఆ సంస్థ ఐరోపా శాఖ 2017లో తెలిపినది. అర హెక్టారనగా ఎకరమునకు కొంచెము పైమాట.

ఇట్టి చిన్న స్థలములే సులభముగా చేజారిపోవును. బెంగుళూరులో పార్కునకై విడిచిన ఒక స్థలమును ఆసుపత్రి కట్టుటకై ఒక ప్రైవేటు ట్రస్టునకు కేటాయింపగా, అచ్చటి నివాసులు న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పినది. ఆసుపత్రియు ప్రజలకు అవసరమే. కాని రోగము వచ్చిన పిదప నయము చేయు తావు కొరకు, రోగము రాకుండ తోడ్పడు తావును పోగొట్టుకొనరాదు.

1992నాటి 74వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 12వ షెడ్యూలులో, పురపాలక సంఘముల కప్పగింపదగిన పనులలో పార్కులు, తోటలు, ఆటస్థలములు పేర్కొనబడినవి. కావున మీ పేటలో పార్కునకై విడిచిన స్థలమేదో లేఅవుటు పటములో చూచి తెలిసికొనుడు. అది చెత్తకుప్పగా మారియున్నచో, ఇరుగుపొరుగువారితో కలసి పురపాలక సంఘమునకు అర్జీ పెట్టుడు. స్త్రీలు నిర్భయముగా వచ్చుటకు దీపములు, వృద్ధులు కూర్చుండుటకు బల్లలు, త్రాగునీరు, దారిలో నడచుటకు కాలిబాట కోరుడు.

నేటి సాయంకాలమే ఇంటినుండి బయలుదేరి, మీకు దగ్గరనున్న పార్కునకు ఎన్ని నిమిషములు పట్టునో నడచి చూడుడు. వీలైనచో ఒక బిడ్డనో, ఒక వృద్ధునో వెంట తీసికొనిపొండు. వారి అడుగులతో లెక్కించిన దూరమే సరియైన దూరము.