మీకు తెలుసా? దొర గడి కథ కాన్ పోటీలో!

తెలంగాణ దొరల దౌర్జన్యం కథగా శ్యామ్ బెనగళ్ తీసిన హిందీ సినిమా 'నిశాంత్' 1976లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం 'పామ్ డోర్' కోసం పోటీపడింది! ఆ ఏడాది గెలిచింది అమెరికా చిత్రం 'టాక్సీ డ్రైవర్'.

కథాకాలం 1945. ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతులు భార్యను దొర తమ్ముళ్లు ఎత్తుకుపోతారు. పోలీసులు, అధికారులు ఎవరూ పట్టించుకోరు. చివరికి పంతులు, గుడి పూజారి కలిసి ఊరిని కదిలిస్తారు. ఆ కాలంలో తెలంగాణలోని నల్లగొండ జిల్లా పల్లెలు నిజంగానే దొరలపై తిరుగుబాటుతో రగులుతున్నాయి. 1946 జులై 4న, అప్పట్లో ఈ జిల్లాలోదే అయిన కడవెండిలో దొర మనుషుల తూటాకు ఆ తిరుగుబాటులో ఉన్న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఇది తెలిసి చూస్తే సినిమా ఇంకా బలంగా తాకుతుంది.

స్క్రీన్‌ప్లే విజయ్ టెండూల్కర్‌ది. బెనగళ్ పుట్టింది సికింద్రాబాద్ తిరుమలగిరిలో. ఆయనే 1987లో పోచంపల్లి చేనేత కార్మికుల బతుకుపై 'సుస్మన్' తీశారు. నేతగాడిగా ఓం పురి నటన తప్పక చూడాల్సిందే.