పాత ట్రాక్టరు డీజిల్ టాంకు, గాజు గిన్నె – వాటి సంరక్షణ



ముంగారు వాన పడి, పొలం మంచి పదును మీద ఉన్నప్పుడు ట్రాక్టరు చాలు మధ్యలో ఆగిపోతే ఆ బాధ రైతుకే తెలుసు. మన హొసకోటె చుట్టుపక్కల ఎర్రనేలల్లో పదును ఎక్కువ రోజులు నిలవదు. రాగుల విత్తు ఆ పదునులోనే పడాలి. అటువంటి రోజున బండి ఆగిందంటే ఇంజను చెడిందని కంగారు పడతాం. కాని చాలాసార్లు కారణం టాంకు అడుగున చేరిన గుక్కెడు నీరు, చిటికెడు మన్ను. ఆ రెండింటినీ ఎలా దూరంగా ఉంచాలో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

పాత బండి ఉన్నవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. మన బెంగళూరులో పుట్టిన హెచ్.ఎం.టి. సంస్థ 1971లో హర్యానాలోని పింజోరులో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. ఆ విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇటువంటి బండ్లకు విడిభాగాలు వెతుక్కోవలసిందే. అందులోనూ ఖరీదైనది డీజిల్ పంపు. మైకో పంపు అంటే తెలియని మెకానిక్కు ఉండడు. 1951లో ఏర్పడి, బెంగళూరు ఆడుగోడిలో పంపులు తయారుచేసిన ఆ కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది.

ఆ పంపులో ప్లంజరుకు, అది ఆడే బారెలుకు మధ్య సందు కొద్ది మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నని సందులో ఇసుక రేణువు చేరితే గీతలు పడతాయి. పైగా పంపుకు డీజిలే నూనె. దాని బదులు నీరు వెళితే లోపలి భాగాలు తుప్పు పట్టి బిగుసుకుంటాయి.

సరే, బంకులో డీజిల్ పోయిస్తే నీరెక్కడిది అని మీరు అడగవచ్చు. చల్లని నీళ్ల చెంబుకు బయట చెమట పట్టడం చూశారు కదా! మన సీమ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది. సగం ఖాళీగా ఉన్న టాంకులోని గాలిలో తేమ ఆ చలికి చుక్కలై కిందికి జారుతుంది. అందుకని పని ముగిశాక ఉదయం దాకా ఆగకుండా సాయంత్రమే టాంకు నింపండి. ఎండకు డీజిల్ వ్యాకోచిస్తుంది కనుక పైన కొంచెం జాగా వదలండి. క్యానులో తెస్తే మూత గట్టిగా ఉండాలి, గరాటుకు సన్నని ఇత్తడి జల్లెడ ఉండాలి. పోగులు ఊడే గుడ్డతో వడపోయవద్దు. జింకు పూత ఉన్న డబ్బాల్లో డీజిల్ నిలవ ఉంచవద్దు. జింకు డీజిల్‌తో కలిసి జిగురు కడుతుంది.

ఇక గాజు గిన్నె సంగతి. కొన్ని బండ్లకు ఇది టాంకు కింద, కొన్నిటికి ఫీడు పంపు దగ్గర ఉంటుంది. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగితే లీటరు నీరు 1000 గ్రాములు తూగుతుంది. సన్నని గొట్టంలో వేగంగా వచ్చిన డీజిల్ వెడల్పయిన గిన్నెలో నెమ్మదిస్తుంది. బరువైన నీరు, మన్ను అడుగున కూర్చుంటాయి. పైనున్న డీజిల్ జాలీ గుండా ముందుకు సాగుతుంది.

ఉదయం బండి తీసే ముందు ఆ గిన్నెను ఒకసారి చూడండి. అడుగున నీరు వేరే పొరగా తేరి కనిపిస్తే తేమ చేరిందన్నమాట. ఎర్రమన్ను ఉంటే క్యాను, గరాటు శుభ్రంగా లేవు. తుప్పు పొట్టు రాలితే టాంకు లోపల పాడవుతోంది. నల్లని జిగురు కనిపిస్తే, నీరు చాలాకాలంగా నిలిచి సూక్ష్మజీవులు పెరిగాయేమో అనుమానించాలి.

గిన్నె కడిగే పద్ధతి సులభం. ముందు టాంకు కొళాయి కట్టేయండి. చుట్టూ దుమ్ము తుడిచి, నట్టు వదులుచేసి గిన్నె దించండి. గిన్నెను, జాలీని శుభ్రమైన డీజిల్‌తోనే కడగాలి, నీటితో కాదు. వాషరు చిట్లినా గట్టిపడినా కొత్తది వేయండి. పానాతో బిగిస్తే గాజు పగులుతుంది. చేతి బిగువు చాలు. వదులైతే అక్కడినుంచి గాలి లోపలికి దూరుతుంది.

తరువాత గాలి తీయాలి. కొళాయి తెరిచి, ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి చేతి పంపు ఆడించండి. బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించండి. ఇంజను తిరుగుతుండగా నాజిలు గొట్టాల దగ్గర చెయ్యి పెట్టవద్దు. అక్కడ చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు.

విత్తనాల కాలం రాకముందే టాంకు పని కూడా చూడండి. బండిని రాత్రంతా కదపకుండా నిలిపి, తెల్లవారగానే అడుగు బిరడా విప్పి, తేట డీజిల్ వచ్చేవరకు వదలండి. ఆ మురికిని బావి దగ్గర, కాలువ దగ్గర పారబోయకండి. మరో మాట. అరగంట నడిచి ఆగిన బండి, టాంకు మూత తీయగానే బుస్సుమని గాలి పీల్చుకుని మళ్లీ నడిస్తే, మూతలోని గాలి రంధ్రం పూడిందని అర్థం. దాన్ని శుభ్రం చేస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం: టాంకు కారుతోందని నేరుగా వెల్డింగుకు ఇవ్వకండి. ఖాళీ టాంకులో కూడా డీజిల్ ఆవిరి ఉంటుంది; నిప్పు తగిలితే పేలి ప్రాణాలు పోతాయి. ఆవిరి పూర్తిగా పోయేలా శుద్ధిచేసి వెల్డింగు చేయడం తెలిసిన పనివారికే అప్పగించండి.

హొసకోటె అంటే కొత్త కోట. కోటకు ద్వారం దగ్గర కావలి ఉన్నట్టు పంపుకు ఈ గాజు గిన్నె కావలి. రోజూ ఉదయం ఒక్క చూపు చూస్తే అది పట్టుకున్న దొంగ మీకే కనబడతాడు.