అమెరికా ఎయిర్ అంబులెన్స్ పైలట్లు: వేతనం, విధి పరిస్థితులు, నిరాకరణ హక్కు

వ్యాససంగ్రహం

అమెరికాలో హెలికాప్టర్ అంబులెన్స్ నడిపే పైలట్‌కు వేతనం డ్యూటీ గంటలను బట్టి లభిస్తుంది. అతడు పనిచేసే సంస్థకు ఆదాయం మాత్రం రోగిని తరలించినప్పుడే వస్తుంది. ఈ వ్యత్యాసం షిఫ్టుల అమరికపైన, వేతనాలపైన, ప్రయాణాన్ని నిరాకరించే పైలట్ అధికారంపైన ఎలాంటి ప్రభావం చూపిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఎయిర్ అంబులెన్స్, పైలట్ వేతనం, విధివేళలు, అలసట, విమానయాన భద్రత.

1. ఉపోద్ఘాతం

1972లో డెన్వర్ నగరంలోని సెయింట్ ఆంథొనీ ఆసుపత్రి రోగుల తరలింపు కోసం సొంతంగా ఒక హెలికాప్టర్ సేవను ప్రారంభించింది. అమెరికాలో ఆసుపత్రి ఆధారిత పౌర హెలికాప్టర్ అంబులెన్సులకు అది నాంది. కొరియా, వియత్నాం యుద్ధరంగాల నుంచి క్షతగాత్రులను గాలిలో తరలించిన అనుభవమే దానికి ప్రేరణ. తొలితరం పైలట్లలో వియత్నాం నుంచి తిరిగివచ్చినవారు చాలామంది ఉన్నారు. సైన్యం వారికి శిక్షణ ఇచ్చింది, వేల గంటల అనుభవమూ ఇచ్చింది. శిక్షణకు పైసా ఖర్చు పెట్టకుండానే ఆ నైపుణ్యం ఈ రంగానికి దక్కింది. ఎయిర్ అంబులెన్స్ వేతనాల చరిత్రను పరిశీలించేటప్పుడు సాధారణంగా విస్మరణకు గురయ్యే అంశమిది.

తొలిదశలో ఆసుపత్రి విమానయాన సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని నెలకు ఇంతని చెల్లించేది. హెలికాప్టర్ ఎగిరినా ఎగరకపోయినా ఆ మొత్తంలో అధికభాగం అందేది. 2002లో మెడికేర్ ఎయిర్ అంబులెన్సులకు కొత్త రుసుముల పట్టికను అమలులోకి తెచ్చిన తరువాత మరొక పద్ధతి వేగంగా విస్తరించింది. ఈ పద్ధతిలో విమానయాన సంస్థే నర్సులను, పారామెడిక్కులను నియమించుకుని, ఆసుపత్రితో సంబంధం లేకుండా స్థావరాలు నెలకొల్పి, ప్రతి తరలింపుకూ విడిగా బిల్లు వేస్తుంది. మెడికేర్ ఒక మూలధరనూ, రోగి హెలికాప్టర్‌లో ఉన్న దూరానికి మైలు చొప్పున మరికొంత మొత్తాన్నీ చెల్లిస్తుంది. ఖాళీగా వెళ్లిన దూరానికి ఏమీ రాదు. వాతావరణం బాగాలేదని పైలట్ ఆగిపోయిన రాత్రికీ ఏమీ రాదు. తెలుగు ప్రాంతాల్లో 2005లో హైదరాబాదులో మొదలైన 108 సేవలో వాహనం సిద్ధంగా ఉండటానికయ్యే ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. అమెరికా ఎయిర్ అంబులెన్సులో ఆ సిద్ధంగా ఉండే ఖర్చంతా తరలింపు పొందిన రోగుల బిల్లుల్లోనే కలుస్తుంది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్క ప్రకారం 2017లో హెలికాప్టర్ తరలింపుకు వేసిన మధ్యగత బిల్లు సుమారు 36,400 డాలర్లు.

2. నలుగురు పైలట్ల స్థావరం

రోజంతా పనిచేసే హెలికాప్టర్ స్థావరంలో సాధారణంగా 12 గంటల షిఫ్టులు ఉంటాయి. ఏడు రోజుల పని, ఏడు రోజుల సెలవు అన్నది ఎక్కువగా కనిపించే అమరిక. పగలు ఒకరు, రాత్రి ఒకరు. వారం మారగానే మరో ఇద్దరు. అంటే ఒక స్థావరానికి నలుగురు పైలట్లు. హెలికాప్టర్లలో అత్యధికం ఒకే పైలట్‌తో ఎగురుతాయి కాబట్టి ఈ లెక్కలో మిగులు లేదు. ఒకరు మానేస్తే స్థావరం బలంలో నాలుగోవంతు పోయినట్లే. ఆ ఖాళీని మిగిలిన ముగ్గురు తమ సెలవు వారంలో అదనపు షిఫ్టులు చేసి పూడుస్తారు. అదనపు వేతనం వస్తుంది కాబట్టి చాలామంది దానిని కాదనరు. మూలవేతనం తక్కువగా ఉన్నచోట ఇంటి ఖర్చులు ఆ అదనపు షిఫ్టులపైనే ఆధారపడటం సహజం.

చట్టం ఇందుకు అడ్డు చెప్పదు. ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ నిబంధనావళిలోని 135వ భాగం ప్రకారం ఒంటరి పైలట్ 24 గంటల్లో 8 గంటలకు మించి ఎగరరాదు, షిఫ్టుకు ముందు 10 గంటల విరామం ఉండాలి. అయితే మూడు నెలల కాలానికి ఆ నిబంధన కోరేది కనీసం 13 పూర్తి రోజుల విశ్రాంతి మాత్రమే. ఏడు రోజుల అమరికలో అదే మూడు నెలలకు దాదాపు 45 రోజుల సెలవు వస్తుంది. ఈ రెండు సంఖ్యల మధ్య దూరమంతా అదనపు షిఫ్టులకు చట్టం విడిచిన చోటే. పైగా ఇందులో విరామానికి గంటల లెక్క ఉంది కానీ నిద్రకు లేదు. పగటి షిఫ్టుల నుంచి రాత్రి షిఫ్టులకు మారిన తొలిరోజున పది గంటల విరామం దొరికినా శరీరం నిద్రకు సహకరించకపోవచ్చు.

3. వేతనం, వలస

విమానయాన సంస్థల పైలట్‌కు ప్రధానంగా ఎగిరిన గంటలకు వేతనం లెక్కిస్తారు. ఎయిర్ అంబులెన్స్ పైలట్‌కు నిరీక్షణకే వేతనం. ఒక షిఫ్టులో ఒక్క పిలుపూ రాకపోవచ్చు, మూడు నాలుగు రావచ్చు. ఈ పద్ధతిలో ఒక మేలు ఉంది: ప్రయాణాన్ని నిరాకరించినందువల్ల పైలట్ జేబుకు నేరుగా నష్టం లేదు. ఈ మేలును తక్కువగా అంచనా వేయరాదు.

వేతనస్థాయి సంగతి వేరు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఎయిర్ అంబులెన్స్ పైలట్లను వాణిజ్య పైలట్ల వర్గంలో చేర్చుతుంది. 2023 మే నాటికి ఈ వర్గం మధ్యగత వార్షిక వేతనం 1,13,080 డాలర్లు, విమానయాన సంస్థల పైలట్లది 2,19,140 డాలర్లు. వాణిజ్య పైలట్లలో చార్టర్, పర్యాటక విమానాలు నడిపేవారు కూడా ఉన్నారు కనుక ఇది హెలికాప్టర్ పైలట్ వేతనానికి ఖచ్చితమైన కొలత కాదు. దూరాన్ని మాత్రం సూచిస్తుంది.

2013లో సహ పైలట్లకు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి కావడంతో ప్రాంతీయ విమానయాన సంస్థలకు పైలట్ల కొరత ఏర్పడింది. హెలికాప్టర్ అనుభవం ఉన్నవారికి విమాన శిక్షణ ఖర్చులో సాయం చేసి తీసుకునే పథకాలు అప్పుడే పుట్టుకొచ్చాయి. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ప్రాంతీయ సంస్థలు కొత్త సహ పైలట్‌కు సైతం గంటకు 90 డాలర్లు ప్రకటించాయి. నలుగురి స్థావరంలో నాలుగో వ్యక్తి ఎక్కడికి వెళ్లాడన్న ప్రశ్నకు సమాధానం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

వేతనం పెంచమని గట్టిగా అడిగే మార్గం ఇరుకైనది. ఈ పైలట్లు 1926 నాటి రైల్వే కార్మిక చట్టం పరిధిలోకి వస్తారు (1936లో దానిని విమానయానానికి వర్తింపజేశారు). జాతీయ మధ్యవర్తిత్వ మండలి అనుమతించి, ఆపై 30 రోజుల గడువు ముగిస్తే తప్ప సమ్మెకు వీలు లేదు. చమురు బావులకూ, రోగుల తరలింపుకూ హెలికాప్టర్లు నడిపే పి.హెచ్.ఐ. సంస్థ పైలట్లు 2006 సెప్టెంబరులో సమ్మెకు దిగి, నవంబరులో ఒప్పందం లేకుండానే విధుల్లో చేరేందుకు ముందుకొచ్చారు.

యజమానుల వైపు ఒత్తిడి కూడా నిజమే. 2022 జనవరి 1 నుంచి అమలైన చట్టం బీమా ఒప్పందం లేని ఎయిర్ అంబులెన్స్ సంస్థ మిగిలిన బిల్లును రోగి నుంచి వసూలు చేయడాన్ని నిషేధించింది. రోగుల పక్షాన అది అవసరమైన చట్టం. ఈ రంగంలోని పెద్ద సంస్థల్లో ఒకటైన ఎయిర్ మెథడ్స్ 2023 అక్టోబరులో దివాలా చట్టం కింద రక్షణ కోరింది.

4. నిరాకరణ

జాతీయ రవాణా భద్రతా మండలి 2006 నివేదిక మూడేళ్లలో జరిగిన 55 వైద్య విమాన ప్రమాదాలను, వాటిలో సంభవించిన 54 మరణాలను పరిశీలించింది. వీటిలో 35 ప్రమాదాలు వైద్యసిబ్బంది ఉండి రోగి లేని ప్రయాణాల్లో జరిగాయి. రోగి లేనప్పుడు వర్తించిన వాతావరణ, విధివేళల నిబంధనలు సడలింపుగా ఉండటం అందులోని ముఖ్య విమర్శ. 2014 ఫిబ్రవరి నాటి నిబంధనలు ఈ లోపాన్ని సరిదిద్దాయి. ప్రయాణానికి ముందు ప్రమాదావకాశాలను లెక్కగట్టడాన్ని, పది లేదా అంతకు మించి హెలికాప్టర్లున్న సంస్థలు నియంత్రణ కేంద్రం నడపడాన్ని తప్పనిసరి చేశాయి. ఇదే ప్రయాణాన్ని మరొక సంస్థ ఇప్పటికే నిరాకరించిందా అని ఆరా తీసే పద్ధతి కూడా ఉండాలన్నాయి. ఒకరు కాదన్నాక ఆ సంగతి చెప్పకుండా మరొకరిని అడిగే అలవాటు అంతగా పాతుకుపోయింది.

స్థావరాల్లో మరొక కట్టుబాటు ఉంది. ప్రయాణానికి ఒప్పుకునేవరకు రోగి వయసు, స్థితి పైలట్‌కు చెప్పరు. పసిబిడ్డ అని తెలిస్తే మబ్బు పలుచగా కనిపిస్తుంది. వైద్యసిబ్బందిలో ఏ ఒక్కరు వద్దన్నా ప్రయాణం ఆగాలన్నది కూడా ఆచారమే. అయితే ఈ తెర మొదటి దిగుడు వరకే నిలుస్తుంది. ఆసుపత్రి చేరాక రోగి కళ్లెదుటే ఉంటాడు.

2011 ఆగస్టు 26న మిస్సోరీ రాష్ట్రంలో జరిగినది ఈ రెండవ ఘట్టానికి చెందినదే. ఒక పైలట్ బెథనీలోని ఆసుపత్రిలో రోగిని ఎక్కించుకోవడానికి దిగినప్పుడు ఇంధనం తక్కువగా ఉందని గుర్తించాడు. బయలుదేరే ముందు తనిఖీలో అది అతని దృష్టికి రాలేదు. అక్కడే ఆగి ఇంధనం తెప్పించుకుంటే రోగి ఆగాలి. దారిలోని మోస్బీ విమానాశ్రయంలో నింపుకోవాలని నిర్ణయించుకుని బయలుదేరాడు. సాయంత్రం 6.41కి, విమానాశ్రయం సుమారు మైలు దూరంలో ఉండగా, ఇంజిన్ ఆగిపోయింది. పైలట్, నర్సు, పారామెడిక్, రోగి నలుగురూ మరణించారు. డ్యూటీ సమయంలో పంపిన సొంత సందేశాలవల్ల ఏకాగ్రత చెదరడం, అలసట ప్రమాదానికి తోడ్పడ్డాయని మండలి తేల్చింది. పత్రికలు సందేశాల సంగతినే ఎక్కువగా రాశాయి. ముందురోజు రాత్రి అతనికి దొరికిన నిద్ర సుమారు ఐదు గంటలు. ఇంధనం విషయంలో అసాధారణ పరిస్థితి ఎదురైతే సంస్థ నియంత్రణ కేంద్రానికి తెలియజేయాలన్న నియమం ఆ సంస్థలో లేదని కూడా అదే నివేదిక నమోదు చేసింది. బెథనీలో ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు ‘వద్దు’ అని చెప్పవలసిన బాధ్యతను అతనితో పంచుకునేవారు నేలమీద ఎవరూ లేరు.