గడ్డ ఊరాలంటే రాత్రి చల్లబడాలి

వడమాలపేట పెరట్లో వంగ, టమాటా, మిరప అడగకపోయినా కాస్తాయి. వాటి కుటుంబంలోదే అయినా ఉర్లగడ్డ మాత్రం మన ఎండకు మొహం చాటేస్తుంది. దాన్ని ఒప్పించాలనుకునేవాళ్లకు ఈ విశేషాలు.

● ఉర్లగడ్డ పగటి ఎండనైనా కొంత ఓర్చుకుంటుంది కానీ రాత్రి ఉక్కను ఓర్చుకోదు. రాత్రిళ్లు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటేనే గడ్డ బాగా ఊరుతుంది. అంతకు మించితే మొక్క ఏపుగా పెరుగుతుంది, తవ్వి చూస్తే కింద ఏమీ ఉండదు. మనకు ఆ చలి అందేది డిసెంబరు, జనవరి నెలల్లోనే.

● పలమనేరు, వి.కోట, కుప్పం వైపు రైతులు దీన్ని పొలాల్లోనే పండిస్తారు. మొగిలి ఘాట్ ఎక్కితే పీఠభూమి. రెండు వేల అడుగుల పైమాటే, అందుకే అక్కడ రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. తెలంగాణలో జహీరాబాద్ ఈ పంటకు పేరుమోసింది.

● అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన మనల్ని వదలదు. నీళ్లు నిలిస్తే విత్తన గడ్డ కుళ్లిపోతుంది. వాన తగ్గాక, కార్తీకం చివర్లో నాటడం మేలు. పంటకు దాదాపు 90 రోజులు కావాలి కాబట్టి ఇంకా ఆలస్యం చేస్తే వేసవి ఎండ తగులుకుంటుంది. ఎత్తయిన బోదె గానీ, అడుగున చిల్లులు పెట్టిన గోనెసంచి గానీ అయితే నీళ్ల బెడద ఉండదు.

● కేంద్ర ఆలుగడ్డల పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై, తర్వాత సిమ్లాకు మారింది. సిమ్లా దగ్గరి కొండ ఊరు కుఫ్రీ పేరునే తన రకాలకు పెడుతుంది: కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి. మంచు కురిసే ఊరి పేరు పెట్టుకున్నా, 2006లో విడుదలైన కుఫ్రీ సూర్య వేడిని తట్టుకునే రకం.

● మొలకెత్తిన గడ్డను చేతిలోకి తీసుకుని చూడండి. ఒక కొసన చిన్న మచ్చ ఉంటుంది. తల్లి మొక్కకు అతుక్కున్న చోటు అదే. రెండో కొసన కళ్లు గుంపుగా ఉంటాయి, ముందు మొలిచేది అక్కడే. కళ్లన్నీ మెలిక తిరుగుతూ వరుసగా ఉంటాయి, కొమ్మ మీద ఆకుల్లాగే. ఎందుకంటే గడ్డ వేరు కాదు, కాండం. కోసి నాటితే ముక్కకు రెండు మూడు కళ్లయినా ఉండాలి; కోత ఆరాకే మట్టిలో పెట్టాలి. వేడి చోట్ల చిన్న గడ్డను కోయకుండా నాటడమే క్షేమం.

● కొత్త గడ్డలు నాటిన విత్తనానికి పైనే, మట్టిలో సాగే తెల్లటి కాడల కొసన ఊరుతాయి. మొక్క జానెడు ఎత్తు ఎదగగానే మొదట్లోకి మట్టి ఎగదోయమనేది అందుకే. ఎండ సోకిన గడ్డ పచ్చబడి, సోలనిన్ అనే విషం పెంచుకుంటుంది. అది ఉడికించినా పోదు.

● వంగ, టమాటా తీసిన మడిలోనే ఉర్లగడ్డ పెట్టకూడదు. మట్టిలో దాగిన ఎండు తెగులు బ్యాక్టీరియా ఇటూ అంటుకుంటుంది. చిక్కుడో అలసందో పండించిన మడి నయం.

● 1995లో కొలంబియా వ్యోమనౌకలో ఆకు ముక్కల నుంచి బుల్లి గడ్డలు ఊరించారు. ఆకాశంలో పండిన తొలి కూరల్లో ఇదొకటి.

● ఐక్యరాజ్యసమితి మే 30ని అంతర్జాతీయ ఉర్లగడ్డ దినంగా ప్రకటించింది. మనకది రోహిణి కార్తె. ఆ రోజు పండగ చేసుకోవాలంటే పూరీలోకి కుర్మా చేసుకోవడమే, నాటే మాట తలపెట్టకూడదు.

● వారణాసిలోని కూరగాయల పరిశోధన సంస్థ ఉర్లగడ్డ మొక్కకు టమాటా కొమ్మ అంటుకట్టింది. పైన టమాటా, కింద గడ్డ. మదనపల్లె టమాటాకూ పలమనేరు గడ్డకూ వేర్వేరు మడులు కట్టలేని చిన్న పెరడుకు ఇంతకన్నా ఏం కావాలి?