యాంటెన్నాకు జలగండం

ఈదురుగాలికి నిలబడ్డ యాంటెన్నా కూడా చుక్క నీటికి చచ్చిపోతుంది. బిలాస్‌పూర్ లాంటి ఊళ్లో దాన్ని నాలుగు కాలాలపాటు బతికించుకోవాలంటే ఏడాదికి రెండు పూటలు డాబా ఎక్కాల్సిందే.

బిలాస్‌పూర్ స్టేషన్ దగ్గర్లోని బుధవారీ బజార్‌లో సాయంత్రం కాసేపు నిలబడితే హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల మధ్య ఉత్తరాంధ్ర యాస చెవిన పడటం వింతేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇటు పట్టాలు పరిచాక, ఆ పట్టాల వెంటే పనికోసం వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. రైలే జీవనాధారమైన ఇలాంటి ఊళ్లో తల పైకెత్తి చూస్తే కనిపించేవి కరెంటు తీగలు మాత్రమే కాదు. స్టేషన్ కప్పుల మీద సన్నటి గొట్టాలకు బిగించిన చిన్న చిన్న కడ్డీలు కూడా ఉంటాయి. స్టేషన్ మాస్టర్ బల్ల మీది 25 వాట్ల వీహెచ్ఎఫ్ సెట్టుకు చెవీ నోరూ అవే. రైల్లో ఉన్న లోకో పైలట్, 2022 దాకా గార్డు అని పిలిపించుకున్న ట్రైన్ మేనేజర్ తమ చేతిలోని 5 వాట్ల వాకీటాకీలతో మాట్లాడేది వాటితోనే.

అలాంటి కడ్డీలనే సొంత డాబా మీద నిలబెట్టుకునే రేడియో పిచ్చివాళ్లూ ఉంటారు. వాళ్లలో కొందరు లైసెన్సున్న హ్యామ్‌లు. మరికొందరి చేతిలో ఉండేది స్కానర్. అంటే ఫ్రీక్వెన్సీలను వరుసగా గాలిస్తూ ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగే రిసీవర్. ఇక్కడో హెచ్చరిక తప్పదు. అనుమతి లేకుండా ఇలాంటి పరికరం దగ్గర ఉంచుకోవడాన్ని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే నేరంగా చూసింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఆ విషయంలో మెత్తబడలేదు. లైసెన్సు వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు 2025 మేలో వినియోగదారుల హక్కుల ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అంగళ్లకు నోటీసులిచ్చింది. కాబట్టి రైల్వే, పోలీసు సంభాషణలను చాటుగా వినాలన్న సరదా ఉంటే మానుకోవడమే మంచిది. 12 ఏళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాసి హ్యామ్ లైసెన్సు తీసుకోవచ్చు. అది కాలక్షేపం కబుర్ల కోసమే అనుకుంటే పొరపాటు. 2004 డిసెంబర్‌లో సునామీ అండమాన్‌ను ముంచెత్తినప్పుడు, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం అక్కడినుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది హ్యామ్ రేడియోతోనే. ఆ బృందం హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లింది.

నిజానికి ఆరుబయట యాంటెన్నాను కాపాడుకోవడమనే తలనొప్పి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో నడిపిన ఉపగ్రహ టీవీ ప్రయోగం 'సైట్' కోసం దేశంలో 2,400 పల్లెలను ఎంచుకున్నారు. అప్పట్లో మధ్యప్రదేశ్‌లో ఉన్న రాయపూర్ ప్రాంతం వాటిలో ఒకటి, ఆంధ్రప్రదేశ్ మరొకటి. తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చేవి. పల్లెల్లో నిలబెట్టినవి కోళ్ల గూటికి వాడే వల బిగించిన పది అడుగుల గొడుగులు. వాటిని ఎండావానల్లో ఏడాది పాటు పనిచేయించడం ఉపగ్రహాన్ని నడపడమంత కాకపోయినా, చిన్న పనైతే కాదు.

డాబా మీది స్కానర్ యాంటెన్నాకు అసలు ముప్పు గాలి నుంచి రాదు. గాలికి ఒరిగితే ఇంట్లోవాళ్లందరికీ కనిపిస్తుంది, ఆ సాయంత్రమే ఎవరో ఒకరు ఎక్కి సరిచేస్తారు. కనిపించనిది నీరు. మే నెలలో బిలాస్‌పూర్‌లో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి కనెక్టర్ లోపలి గాలి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం ఉన్నట్టుండి వాన పడి చల్లబడగానే లోపల ఒత్తిడి తగ్గి, తడిని లోపలికి పీల్చుకుంటుంది. కేబుల్ లోపల జడలా అల్లిన రాగి తీగ ఆ తడిని, ప్రమిదలో వత్తి నూనెను లాగినట్టు, జానలకు జానలు లాక్కుపోతుంది. రాగి నల్లబడుతుంది. సంకేతం దారిలోనే హరించుకుపోతుంది.

ఇందులో మరో మెలిక ఉంది. ప్రసారం చేసే హ్యామ్‌కైతే మీటరు ముల్లు కదిలి, ఎక్కడో తేడా చేసిందని చెబుతుంది. వినడమే తప్ప మాట్లాడని స్కానర్‌కు ఆ హెచ్చరిక లేదు. రోజుకింత చొప్పున తగ్గే శబ్దానికి చెవి అలవాటుపడిపోతుంది. అవతలి స్టేషనే బలహీనపడిందనుకుంటాం, లేదా సెట్టు పాతబడిందని కొత్తది కొంటాం. కొత్త సెట్టూ అంతే వినిపించినప్పుడు గానీ అనుమానం డాబా మీదికి పోదు. పైగా మంచి కేబుల్‌కైనా నష్టం తప్పదు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ దాటేసరికి మిగిలేది వచ్చిన శక్తిలో దాదాపు పావు వంతే. లావుపాటి ఆర్‌జీ-213లో సగం మిగులుతుంది. తడి చేరితే ఆ మిగిలిందీ పోతుంది.

విరుగుడు ఖరీదైనది కాదు, ఓపిక కావాలంతే. యాంటెన్నాలకు ఎక్కువగా వాడే పీఎల్-259 కనెక్టర్ నీటిని ఆపలేదు. ముందు దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు ఒక వరుస చుట్టాలి. రేపు విప్పాల్సి వస్తే జిగురు అంటకుండా కాపాడేది అదే. దాని మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును బాగా సాగదీసి చుట్టాలి. ఎండ తగలకుండా ఆపైన మళ్లీ ఇన్సులేషన్ టేపు. చివరి చుట్టు కింద మొదలై పైకి పోవాలి, ప్రతి చుట్టూ కింది దాన్ని సగం కప్పాలి. పెంకుటింటి కప్పు నేసినట్టన్నమాట. పైనుంచి కిందికి చుడితే ప్రతి అంచూ వాన నీటికి దోసిలి పట్టినట్టవుతుంది. టేపు బదులు సిలికాన్ పూసేవాళ్లు వెనిగర్ వాసన వచ్చే రకాన్ని దూరం పెట్టాలి. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. కేబుల్‌ను గోడలోకి తీసుకెళ్లే చోట కిందికి వంపు తిప్పి, ఆ తర్వాతే పైకెక్కించాలి. నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. గొట్టాల అడుగున తయారీదారు వదిలిన చిన్న రంధ్రాన్ని మూసేయడం చాలామంది ఉత్సాహవంతులు చేసే తప్పు. లోపల చేరిన తేమ బయటికి పోయే దారి అదొక్కటే.

లోహాల పొత్తూ చూసుకోవాలి. అల్యూమినియం కడ్డీకి రాగి తీగను నేరుగా బిగిస్తే, తడి తగిలినప్పుడు అల్యూమినియం తరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, మరలకు కాస్త గ్రీజు మేలు. ఈ చుట్టుపక్కల సీపత్, కోర్బా థర్మల్ కేంద్రాలున్నాయి, బొగ్గు రైళ్లు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. కడ్డీల మొదట్లో పేరుకునే బూడిద, బొగ్గు దుమ్ము తడిని పట్టి ఉంచుతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. గొడుగు ఊచల్లాంటి కడ్డీలుండే డిస్కోన్ యాంటెన్నా అయితే గాలి కంపనాలకు ఆ కడ్డీలు వదులై ఒక్కోటీ రాలిపోతుంటాయి. బిగించాక మరమీద నెయిల్ పాలిష్ చుక్క వేస్తే నిలుస్తాయి. స్టే కట్టడానికి చవకరకం ప్లాస్టిక్ తాడు వాడితే రెండు ఎండాకాలాలకు పొడిపొడి అవుతుంది.

ఇక కాకులు. ఇనప తీగలతో అవి కట్టే గూళ్లు రైల్వే కరెంటు తీగల మీద సరఫరాకే ఎసరు పెడతాయి. యాంటెన్నా మీద పెడితే గుడ్లు లేని సమయం చూసి తీసేయడమే.

కరెంటు దగ్గర మాత్రం ఏ చిట్కా పనికిరాదు. రైలు మార్గం మీది తీగలో 25,000 వోల్టులుంటాయి. గొట్టం నిలువునా పడిపోయినా ఏ కరెంటు తీగకూ తగలనంత దూరంలో ఉండాలి. లేదంటే అక్కడ నిలబెట్టకూడదు. గొట్టానికి మంచి ఎర్తింగ్ ఇవ్వాలి, కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట అరెస్టర్ పెట్టాలి. అయినా ఉరిమే సూచన కనిపిస్తే ముందే కేబుల్ పీకేయాలి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోకూడదు. దూరంగా పడ్డ పిడుగు కూడా రిసీవర్‌ను కాల్చేయగలదు.

వానలకు ముందు మే నెలలో ఒక పూట, అవి వెనుదిరిగాక అక్టోబర్‌లో మరో పూట ఈ పనికి కేటాయిస్తే సరిపోతుంది. చెవిని నమ్మకుండా ఉండటానికి ఒక నోటుబుక్కు కావాలి. అంతా బాగున్న రోజున, సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్ ఎఫ్ఎం స్టేషన్లలో అందీ అందనట్టు వినిపించే ఒకదాన్ని ఎంచుకుని, సెట్టు మీది గీతలెన్నో రాసుకోవాలి. నెలకోసారి అదే వేళకు మళ్లీ చూడాలి. గీతలు రెండు మూడు నెలలు వరుసగా తగ్గుతూ పోతే ముందు కేబుల్‌ను సెట్టు నుంచి విప్పి, నడిమి తీగకూ బయటి జడకూ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. డిస్కోన్‌కైతే ఏ కదలికా ఉండకూడదు. కొన్ని రకాల యాంటెన్నాలు పుట్టుకతోనే షార్ట్ చూపిస్తాయి, కాబట్టి కొన్ననాటి కొలత కూడా ఆ నోటుబుక్కులోనే ఉండాలి. తేడా కనిపిస్తే పైన కనెక్టర్ కోసి చూడటమే. జడ ఎర్రగా మెరిసేదాకా అంగుళం అంగుళం కోసుకుంటూ రావచ్చు. అడుగు కోసినా నలుపు పోకపోతే ఆ కేబుల్ పని అయిపోయినట్టే.