మీకు తెలుసా? మన మహీంద్రా బైకు ప్రపంచ రేసు గెలిచింది!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పొలాల్లో దున్నే మహీంద్రా ట్రాక్టర్ తెలియనిదెవరికి? అదే కంపెనీ 2011లో ప్రపంచ గ్రాండ్‌ప్రి బైకు రేసుల్లో దిగింది. మరుసటి ఏడాది మోటో3 తరగతికి మారింది: 250 సీసీ, ఒకే సిలిండర్ ఇంజిన్. 2016 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో ఫ్రాన్సెస్కో బగ్నాయా అనే రైడర్ మహీంద్రాకు తొలి విజయం అందించాడు. 2022, 2023లలో అగ్ర తరగతి మోటోజీపీలో ఛాంపియన్ ఆ కుర్రాడే! తీరా గెలుపు రుచి తెలిశాక, 2017 చివర్లో మహీంద్రా బైకు రేసుల నుంచి తప్పుకుంది. విద్యుత్ కార్ల ఫార్ములా-ఈలో మాత్రం కొనసాగింది. 2023 ఫిబ్రవరి 11న ఆ కార్లు హుస్సేన్‌సాగర్ ఒడ్డున దూసుకెళ్లాయి. బైకు రేసుల్లో తప్పుకున్నవాళ్లు తిరిగి రావడం ఉన్నదే: సుజుకీ మోటోజీపీ నుంచి 2011లో వెళ్లిపోయి, 2015లో తిరిగొచ్చి, 2020లో టైటిల్ కొట్టి, 2022లో మళ్లీ నిష్క్రమించింది. మహీంద్రా కూడా ఒకసారి తిరిగి రావాలి.