మూడు తాళాల పెట్టెలో ముత్తాతలు

ఇంగ్లండుకు నైరుతి మూలనున్న డెవన్ జిల్లాలో కోలిటన్ అని ఒక చిన్న ఊరుంది. ఊరి నడుమ సెయింట్ ఆండ్రూ చర్చి, దానిమీద ఎనిమిది పలకల శిఖరం, చుట్టూ ఇరుకు సందులు, పక్కనే కోలీ అనే చిన్న ఏరు. చూడ ముచ్చటైన ఊరే గాని చరిత్రకారులు దాన్ని తలుచుకునేది అందుకు కాదు. ఆ ఊళ్ళో ఎవరికి బాప్తిస్మం ఇచ్చారో, ఎవరు ఎవరిని పెళ్ళాడారో, ఎవరిని పూడ్చిపెట్టారో 1538 నుంచీ రాసిపెట్టి ఉంది.

ఒక చర్చి, దాని కింద ఉన్న ఇళ్ళు, పొలాలు, పొలిమేరలు - అన్నీ కలిపితే అక్కడ ఒక పారిష్. ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లోనూ ఒక పుస్తకం ఉంచి వారం వారం ఈ వివరాలు ఎక్కించాలని 1538లో ఆజ్ఞ జారీ చేశాడు. జనం ఊరుకున్నారా? ఇదేదో కొత్త పన్ను వేయడానికి పన్నాగమని గుసగుసలాడుకున్నారు! 1598లో పాత కాగితపు పుస్తకాలను తోలుకాగితం మీదికి ఎత్తి రాయమన్నారు గాని, ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి రాస్తే చాలునన్నట్లు ఒక వెసులుబాటు ఇచ్చారు. ఆ వెసులుబాటు పట్టుకుని బద్ధకించిన ఊళ్ళలో మొదటి ఇరవై ఏళ్ళ చరిత్ర గాలికి పోయింది. కోలిటన్‌లో ఎవరో పుణ్యాత్ముడు బద్ధకించలేదు. ఈ పుస్తకాలను దాచిన పెట్టెకు మూడు తాళాలుండాలని 1603 నాటి నిబంధన. ఒక తాళంచెవి మతగురువు దగ్గర, తక్కిన రెండూ చర్చి పెద్దలిద్దరి దగ్గర. ముగ్గురూ కలిస్తేగాని పెట్టె తెరుచుకోదు.

ఈనాడు ఆ దేశంలో తమ వంశం పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కోవడం ఎందరికో పెద్ద వ్యసనం. ముందు ఇంట్లో అమ్మమ్మనూ తాతయ్యనూ అడుగుతారు. ఆపైన 1837 జూలై 1 నుంచి ప్రభుత్వం రాయిస్తున్న జనన మరణాల పత్రాలు తెప్పిస్తారు. పదేళ్ళకోసారి తీసిన జనాభా లెక్కల్లో 1851 నుంచి ఎవరు ఏ పారిష్‌లో పుట్టారో కూడా రాశారు కనుక, ఆ దారిన పోతే ముత్తాత ఊరు దొరుకుతుంది. ఇక అక్కడి నుంచి వెనక్కి నడవాలంటే ఆ ఊరి చర్చి పుస్తకాలే గతి.

అక్కడ చిక్కులు లేకపోలేదు. 1700 ఏప్రిల్‌లో పెళ్ళి, బిడ్డ బాప్తిస్మం 1700 ఫిబ్రవరిలో అని కనిపిస్తుంది. పెళ్ళికి ముందే బిడ్డా అని బుగ్గ నొక్కుకోనక్కరలేదు. 1752 దాకా వాళ్ళకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఇంచుమించు మన ఉగాది లాగే! ఆ లెక్కన ఫిబ్రవరి సంవత్సరం చివర వస్తుంది. పెళ్ళయిన పది నెలలకు పుట్టిన బిడ్డ అన్నమాట.

కేంబ్రిడ్జి పండితుడు ఇ. ఏ. రిగ్లీ కోలిటన్ పుస్తకాల్లోని పేర్లన్నీ జతకూర్చి, కుటుంబాలుగా పేర్చి, 1966లో ఒక వ్యాసం వెలువరించాడు. 1645-46లో మహమ్మారి వచ్చి పన్నెండు నెలల్లో 392 మందిని పొట్టన పెట్టుకుంది. ఊరి జనంలో సుమారు అయిదోవంతు! ఆ తరువాతి కాలంలో కోలిటన్ ఆడపిల్లల పెళ్ళి వయసు సగటున ముప్పై ఏళ్ళకు దగ్గరగా వెళ్ళింది. మన ముత్తవ్వలు అష్టవర్షాత్ కన్యలుగా అత్తవారింటికి వెడుతున్న రోజుల మాట ఇది. పెద్దింటివాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఆ దేశపు సామాన్యులు చిన్న వయసులో పెళ్ళాడేవారనే అపోహ దీనితో తుడిచిపెట్టుకుపోయింది.

అయితే ఈ పుస్తకాల్లో ఉండేవి పేర్లూ తేదీలే. మనిషి ఎలా బతికాడన్నది తెలియాలంటే అదే పెట్టెలో అడుగున పడివున్న చిల్లర కాగితాలు చూడాలి. నన్నడిగితే అసలు సరుకు అక్కడే ఉంది.

1601 నాటి చట్టం ప్రకారం ఏ పారిష్‌లోని బీదలను ఆ పారిషే పోషించాలి. అందుకు ఊళ్ళో ఆస్తిపరుల మీద పన్ను. చేతి డబ్బు పెట్టేటప్పుడు ఎవరైనా ఏమంటారు? "ఈ మనిషి మా ఊరివాడేనా?" అంటారు. 1662లో దానికీ చట్టం వచ్చింది. ఏడాదికి పది పౌన్ల అద్దె ఇచ్చుకోలేని కొత్తవాడు ఊళ్ళోకి వస్తే, నలభై రోజులలోగా ఫిర్యాదు చేసి అతణ్ణి సొంత పారిష్‌కు పంపించేయవచ్చు. సొంత పారిష్ ఏదో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించేవారు. నువ్వెక్కడ పుట్టావు, నీ తండ్రిది ఏ ఊరు, ఎవరి దగ్గర పాలేరుగా ఉన్నావు, ఎన్నాళ్ళు, జీతమెంత, పెళ్ళెప్పుడు, పిల్లలెందరు? గుమాస్తా అన్నీ రాసుకునేవాడు. ఒక కూలివాడి జీవితచరిత్ర అరఠావు కాగితం మీదికి ఎక్కేది. అడుగున అతని వేలిమీదుగా ఒక ఇంటూ గుర్తు.

ఒక ఊళ్ళో ఏడాది పొడుగునా నౌకరీ చేస్తే అక్కడ నివాసహక్కు వచ్చేది. అందుకని కొందరు రైతులు పాలేళ్ళను యాభై ఒక్క వారాలకే కుదుర్చుకునేవారు! పెళ్ళికాని గర్భిణి ఊళ్ళో ప్రసవిస్తే ఆ బిడ్డ భారం ఊరిమీద పడుతుందని నెలలు నిండినదాన్ని కూడా పొలిమేర దాటించిన ఉదంతాలున్నాయి. బీదల పిల్లలను పసితనంలోనే రైతుల ఇళ్ళల్లో పనికి అప్పగించేవారు. డెవన్‌లో ఈ పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో కూడా చాలాకాలం సాగింది. ధర్మం పుచ్చుకునేవాళ్ళు కుడి భుజాన 'పి' అనే అక్షరం, దాని పక్కన పారిష్ పేరులోని మొదటి అక్షరం గుడ్డతో కుట్టించుకుని తిరగాలని 1697 చట్టం. ఆ ఊరి పెద్దలు కర్కోటకులని కాదు. పక్క ఊరి పెద్దలూ అదే పని చేస్తున్నారు మరి. ఒక్కడిని వదిలించుకోవడానికి అంత శ్రద్ధగా రాసుకున్నారు గనకనే, ఈనాటి మనుమడికి ఆ ముత్తాత దొరుకుతున్నాడు.

కలవారికి వీలునామాలుంటాయి, సమాధి రాళ్ళుంటాయి, ఆనవాళ్ళకు కొదవేమని అనుకుంటాం. 1942 మే నెలలో జర్మన్ విమానాలు ఎక్సెటర్ నగరం మీద బాంబులు కురిపించినప్పుడు, అక్కడ భద్రపరచిన డెవన్ వీలునామాల్లో చాలా భాగం బూడిదైపోయింది. ఆస్తిపాస్తులు రాసిచ్చిన మధ్యతరగతి రైతు ఆనవాలు కాలిపోగా, ఊళ్ళో చర్చి పెట్టెలో పడివున్న బిచ్చగాడి వాఙ్మూలం నిలిచింది.

ఒక్కొక్కప్పుడు వెతికే మనిషి పారిష్ పుస్తకాల్లోంచి హఠాత్తుగా మాయమవుతాడు. పెళ్ళీ లేదు, చావూ లేదు. అటువంటివాడు ఈస్టిండియా కంపెనీ సిపాయిగానో, గుమాస్తాగానో ఓడ ఎక్కి ఉంటే జాడ మన దేశంలో తేలుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండనుకు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బందరులోనో, విశాఖపట్నంలోనో, సికిందరాబాదు కంటోన్మెంటులోనో మట్టిలో కలిసిన పల్లెటూరి కుర్రవాడి చివరి వాక్యం ఆ నకళ్ళలో ఉంటుంది.

చర్చి పుస్తకాల్లో వందేళ్ళు దాటినవి చాలావరకు ఇప్పుడు జిల్లా రికార్డు కార్యాలయాలకు చేరాయి. ఎన్నింటికో ఫొటోలు తీసి కంప్యూటరులో పెట్టారు, ఇంట్లో కూర్చునే చూడవచ్చు. అయినా బీదల కాగితాల కోసం చాలాచోట్ల స్వయంగా వెళ్ళి కట్టలు విప్పక తప్పదు.

వెతికేవాళ్ళందరినీ ఏడిపించేది తల్లులు. పాత బాప్తిస్మపు పుస్తకాల్లో చాలాచోట్ల ఫలానావాడి కుమారుడు అని తండ్రి పేరొక్కటే ఉంటుంది. పుట్టినింటి పేరు పెళ్ళితో పోతుంది కనుక, పెళ్ళి నమోదు దొరక్కపోతే ఆమె వంశం అక్కడితో తెగిపోయినట్లే. 1837లో పెళ్ళి పుస్తకాలకు కొత్త నమూనా అచ్చువేసినప్పుడు కూడా వధూవరుల తండ్రుల పేర్లకూ వృత్తులకూ గళ్ళు పెట్టారు గాని, తల్లులకు పెట్టలేదు. ఆ గడి 2021 మే 4న వచ్చింది.